ఆరో చరణం

మొహర్రం నెలవంకకు ఇంకా నాలుగు రోజులున్నాయి. రుబాబ్ పొద్దున్నే సంతాపానికి వేసుకునే నల్ల కుర్తాలన్నీ పెట్టెలోంచి తీసి ఇస్త్రీకి కూర్చుంది. బకెట్ నీళ్లలో వేసిన దసేరీ మామిడిపళ్ల వాసన వరండా అంతా నిండింది.

"అమ్మీ, మీ అబ్బాయికి టీలో ఉప్పేసి ఇచ్చినా తాగేసి వెళ్లేట్టున్నారు. వారం నుంచీ ఈ లోకంలో లేరు," అంది అత్తగారితో.

"వాళ్ల అబ్బా కూడా ఏటా ఈ రోజుల్లో అంతే ఉండేవారు, దుల్హన్. ఒకసారి నా చెప్పులేసుకుని చౌక్ దాకా వెళ్లొచ్చారు. కాళ్లు నొప్పెడుతున్నాయని నన్నే కోప్పడ్డారు."

రుబాబ్ నవ్వింది. అత్తగారు మొహ్సినా కూడా నవ్వబోయి ఆగింది.

ఆమె భర్త నఖీ సాహెబ్ పోయి ఏడు నెలలైంది. లక్నో పాతబస్తీలోని ఆ పేటలో మొహర్రం ఊరేగింపులు నడిపే అంజుమన్‌కు ఆయన నలభై ఏళ్లపాటు ఏటా కొత్త నోహా రాసిచ్చారు. కర్బలా యుద్ధంలో అమరులైనవారిని తలచుకుని గుండెలు బాదుకుంటూ పాడే ఆ శోకగీతం కోసం పేటంతా ఎదురుచూసేది. రాసే రోజున ఆయన స్నానం చేసి, నమాజు ముగించి, వంటింటి గడప దగ్గర పీట వేసుకునేవారు. మొహ్సినా వక్కలు కత్తిరిస్తుంటే ఒక్కో పాదం వినిపించేవారు. అడకత్తెర ఆగితే ఆ పాదం నోటుపుస్తకంలోకి ఎక్కేది. ఆగకపోతే, "నీకే తగల్లేదు, ఇంక పేటకేం తగులుతుంది," అని ఒకే గీతతో కొట్టేసేవారు. ఆచారం ప్రకారం చివరి చరణంలో తన పేరు చెప్పుకుని ప్రభువైన మౌలాను ఒక్కటే కోరేవారు: వచ్చే ఏడు కూడా రాయనివ్వు.

నమాజు తర్వాత ఆ పుస్తకం తెరిచి చూసుకోవడం ఇప్పుడు మొహ్సినాకు అలవాటు. ఆస్పత్రి మంచం మీద ఆయన రాసిన ఆఖరి నోహా చివర్న ఉంది. కర్బలాలో నీళ్లు తేవడానికి వెళ్లి తిరిగిరాని బాబాయి కోసం గుడారం గుమ్మంలో కూర్చున్న పసిపిల్ల మాటలవి. "దప్పిక తీరిపోయింది బాబాయ్, నీళ్లొద్దు, నువ్వు రా." ఐదు చరణాలు. ఆ పాదాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ఆ రోజు పేజీలో ఆరు చరణాలున్నాయి.

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. అదే సిరా, అదే వాలు. "ఈ కన్నీళ్లకు బదులుగా నఖీకి స్వర్గపు నీడ ప్రసాదించు మౌలా." ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో పుస్తకాలు దిద్దిన కళ్లకు ఎక్కువసేపు పట్టలేదు. పై ఐదు చరణాల్లో అక్షరాలు వణికాయి. ఆరో చరణం ఆరోగ్యంగా ఉన్న మనిషి రాసినట్టుంది.

ఏటా తండ్రి నోహాను పాడే కొడుకు సిబ్తైన్ తన మందుల షాపుకు బయలుదేరుతున్నాడు.

"సిబ్తైన్ సాహెబ్, ఒక్క నిమిషం ఇలా కూర్చుంటారా," అంది.

కోపం వస్తే అమ్మ 'మీరు' అంటుందని అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. చెప్పులు విప్పి వచ్చాడు.

"ఇది ఎవరు రాశారు?"

"అబ్బా రాశారు."

"ఎప్పుడు రాశారు?"

"ఆస్పత్రిలోనే. మీరు లేనప్పుడు."

"నేను లేనిది ఎప్పుడు? ఇరవై రోజులూ ఆ స్టూలు మీదే కదండీ ఉన్నాను."

వరండాలో రుబాబ్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది.

"మీ అబ్బా నలభై ఏళ్లలో తనకోసం స్వర్గం అడగలేదు. పోయిన మనిషి నోట్లో మీరు ఒక ప్రార్థన పెట్టారు. రేపు పేటంతా దాన్ని ఆయన కోరికనుకుని ఏడుస్తుంది. పైనున్నవాళ్లకు ఏమని చెప్పుకుంటారు?"

"మరేం చెయ్యమంటారు?" సిబ్తైన్ గొంతు పెరిగింది. "ఆఖరి నోహా సగంలో ఆగిపోయిందని చెప్పనా? దులారే మీర్జా చాచాకు పూర్తయిందని చెప్పేశాను. అంజుమన్‌ను నడిపే ఆ ముసలాయన ఫోన్లో ఏడ్చాడు. మనవాళ్లేమో పై ఊరి కవి దగ్గర రాయించుకుందాం అంటున్నారు. అబ్బాతోనే ఈ ఇంటి కొలువు ఆగిపోతే, ఆపింది నేనే కదా అమ్మీ. నాకు గొంతొక్కటే ఇచ్చారు. రాసే మాట ఇవ్వలేదు."

మొహ్సినా పుస్తకం మూసింది.

"ఆగిపోలేదు. వదిలేశారు. 'వచ్చే ఏడు ఇమ్మని అడగడానికి ఈసారి సిగ్గేస్తోంది మొహ్సినా, ఇంకేం అడగాలో తెలియడం లేదు, ఖాళీగా ఉండనీ,' అన్నారు."

సిబ్తైన్ తలెత్తాడు.

"ఏడు నెలల్లో ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

భర్త చివరగా మొహ్సినాతో అన్న మాట అది. ఎవరికైనా చెబితే అరిగిపోతుందేమోనని దాచుకుంది. కొడుకు అదే పేజీ ముందు ఒంటరిగా కూర్చుని ఉంటాడని తట్టనే లేదు.

"తప్పే నాన్నా," అంది నెమ్మదిగా. "నేను చెప్పాల్సింది."

అప్పుడు రుబాబ్ లేచి బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది. సిబ్తైన్ అడ్డుకోబోయాడు.

"ఉండండి మీరు. చొక్కాలు ఉతికేదాన్ని నేను. జేబుల్లో దొరికిన కాగితాలు పారెయ్యబుద్ధి కాలేదు."

మందుల చీటీల వెనక, పాత కేలండరు ముక్కల మీద, అన్నీ కొట్టివేతలే. మొహ్సినా ఒక్కొక్కటే విప్పి చదివింది. ఒకదాని దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివింది. "నాన్న మాటకు గొంతునయ్యాను, నాకంటూ మాట లేదు, సిబ్తైన్ ఊరకే నిలుచున్నాడు, గుమ్మంలోంచి పొమ్మనకు మౌలా."

"ఇది?"

"నాదే. రెండో పాదం కుంటుతోంది."

"రాసేటప్పుడు ఏడ్చావా?"

అతను తలూపాడు. ఊపుతూనే ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి తల ఆమె మోకాలికి ఆనింది.

"కుంటితే కుంటనీ," అంది మొహ్సినా, వాడి జుట్టు సర్దుతూ. "ఇందులో ఉన్నది నువ్వు. ఆ ఆరో చరణం నువ్వే కొట్టెయ్యి. మీ అబ్బా కొట్టేసినట్టే, ఒక్క గీత. మీర్జా చాచాకు ఫోను కూడా నువ్వే చెయ్యాలి."

"ఆయన తిడతారు."

"తిట్టనీ. తిట్టే హక్కున్న మనిషి."

మొహర్రం ఎనిమిదో తేదీ మధ్యాహ్నం, సంతాపసభ జరిగే ఇమాంబాడాలో ఊపిరాడలేదు. పైఅంతస్తులో వెదురు తెర వెనక ఆడవాళ్ల మధ్య మొహ్సినా కూర్చుంది. కింద సిబ్తైన్ గొంతు లేచింది. నఖీ సాహెబ్ ఐదు చరణాలూ ఒక్కొక్కటే వచ్చి వెళ్లాయి. పసిపిల్ల బాబాయిని పిలిచింది. గుండెల మీద చేతులు పడుతూనే ఉన్నాయి.

ఐదోది అయ్యాక సిబ్తైన్ ఆగాడు. "మా అబ్బా ఇక్కడిదాకానే రాశారు," అన్నాడు. అంత జనంలో చేతులు ఆగిపోయాయి. తర్వాత అతను తన చరణం ఎత్తుకున్నాడు. రెండో పాదం దగ్గర గొంతు తడబడింది. చివర్న సొంత పేరు వచ్చినప్పుడు దాదాపు వినిపించలేదు.

ఎవరూ కదల్లేదు. మొహ్సినా కొంగు కొస పిడికిట బిగించింది.

"మళ్లీ," అన్నాడు దులారే మీర్జా, కర్ర ఊతంగా లేస్తూ. "మళ్లీ చదువు బేటా."

సిబ్తైన్ మళ్లీ చదివాడు. ఈసారి అతని పేరు తెర దాకా వచ్చింది. కింద చేతులన్నీ ఒక్కసారి లేచాయి.

పక్కనున్న ఆవిడ కళ్లు తుడుచుకుంటూ మొహ్సినా చెవి దగ్గరకు వంగింది. "ఇది కూడా భాయ్ సాహెబ్ రాసి ఉంచిందేనా ఆపా?"

"కాదమ్మా," అంది మొహ్సినా. కన్నీళ్లను ఆపే ప్రయత్నం చేయలేదు. "ఇది మా సిబ్తైన్‌ది."