నంద్యాల నుంచి రాని పార్టు

ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో ఉన్న సంజీవయ్య టీవీ రిపేరు అంగడికి మంచి పేరు లేదు. పగలు మనం టీవీలను చూస్తాం... రాత్రయితే ఆ అంగట్లో టీవీలే మనల్ని చూస్తాయంట. కిటికీ సందులోంచి పచ్చటి కండ్లు కనపడి, సోడాలమ్మే మద్దిలేటి జ్వరంతో మంచం పట్టినాడని చెప్తారు.

చెన్నకేశవులు నవ్వేవాడు. విగ్రహాలు చెక్కే మనిషి. దేవుళ్లకే కండ్లు పెట్టేటోడు, దెయ్యం కండ్లకు జడుస్తాడా?

ఆయన జడుపంతా బామ్మర్ది శ్రీకాంత్‌కే. చాగలమర్రి నుంచి బామ్మర్ది వాడుకోమని ఇచ్చిన పాత టీవీ చెడిపోతే, ఎండాకాలంలో సంజీవయ్యకిచ్చినాడు. వానలు కూడా వచ్చినాయి. టీవీ రాలేదు. ఇప్పుడు శ్రీకాంత్ ఇంట్లో టీవీ చెడిందంట. వారంలో వచ్చి తనది తాను తీసకపోతానని కబురు పెట్టినాడు.

"మా తమ్ముని ముందర నా పరువు తీయొద్దు" అనింది పెండ్లాం విజయమ్మ.

సంజీవయ్యను అడిగితే ఒకటే పాట. "పార్టు నంద్యాల్లో లేదప్పా. వాళ్లు మద్రాసుకు చెప్పినారు. దావలో ఉంది."

ఏం దావో అది! ఆ పార్టు మద్రాసు నుంచి నడుచుకుంటా బయల్దేరి, అహోబిలం కొండెక్కి, దర్శనం చేసుకోని నింపాదిగా వస్తాందేమో.

వారం గడిచిపోయింది. తెల్లారితే శ్రీకాంత్ వస్తాడు. బాగు కాకున్నా సరే, పెట్టెనన్నా తెచ్చుకుందామని చీకటి పడినాక పోయినాడు. అంగడికి తాళం. ఊరంతా కరెంటు లేదు...

వెనక కిటికీ కాడికి పోయి, లోపలికి తొంగి చూసినాడు.

కండ్లు —

ఒక జత కాదు. అలమారలో పెట్టె పెట్టెకీ ఒక జత. పచ్చగా... రెప్ప కొట్టకుండా.

"ఎవురప్పా..." అన్నాడు గుసగుసగా. అగ్గిపుల్ల గీసినాడు.

మ్యావ్ — అనింది మొదటి టీవీ.

దాని ముందు భాగంలోంచే ఒక పిల్లి దూకింది. అద్దం ఉండాల్సిన చోట బొక్క. లోపల వైరు ముక్క కూడా లేదు. అది తమ టీవీనే, పక్కన విజయమ్మ అతికించిన బొట్టుబిళ్ల మాత్రం భద్రంగా ఉంది. మిగతా పెట్టెలూ అంతే, పిల్లలతో కళకళలాడే పిల్లుల కాపురాలు. ఒక్క పార్టు కోసమని ఇస్తే, ఆ మహానుభావుడు మిగతావన్నీ పీకి ఊరందరి టీవీలకూ పంచిపెట్టినాడు.

పొద్దున్నే శ్రీకాంత్ దిగినాడు. చెన్నకేశవులు చెప్పాల్సిన అబద్ధాన్ని నాలుక మీద పెట్టుకోని, కాఫీ గ్లాసు ఎత్తినాడు.

"ఆ పాత టీవీ మీకాడే ఉండనీ బావా" అన్నాడు శ్రీకాంత్. "ఇంట్లోది బాగైంది. మీ ఊరి సంజీవయ్యకే ఇచ్చింటి. ఎంత పనిమంతుడప్పా! పిక్చర్ ట్యూబు యాడ దొరికిందో ఏమో, ఒక్కదినంలోనే ఏసిచ్చినాడు."

చెన్నకేశవులుకు రాత్రి చూసిన అద్దం లేని బొక్క గుర్తుకొచ్చింది.

బామ్మర్ది టీవీ బామ్మర్దికంటే ముందే చాగలమర్రి చేరిపోయింది.