కోసపాళయం వాకిట్లో ముగ్గు

వైట్ టౌన్ బీచ్ రాళ్ల మీద ఏజెంట్ అనిల్ శవం దొరికింది. మెడ మీద సూది గుర్తు. జేబులో ఉండాల్సిన చిప్ లేదు.

మర్నాడు పొద్దున్నే తట్టాంచావడిలో, ఒక వర్క్‌షాప్ వెనక గదిలో బ్రీఫింగ్. లేత్ మిషన్ల చప్పుడులో మాట బయటికి పోదు.

"ఆ చిప్‌లో కోస్టల్ రాడార్ కోడ్ ఉండాది," అన్నాడు చీఫ్ రఘునాథన్. "అది సముద్రం దాటిందంటే, వాళ్ల పడవలు మన గట్టుకొచ్చినా స్క్రీన్ మీద కనపడవు. ఈ పొద్దే చేతులు మారతాది. ఉస్తేరి చెరువు కాడ."

"ఎవరు చెప్పారు సార్?" అంది ఏజెంట్ నాగశ్రీ.

"పల్లవి. అనిల్ ఆఖరి ఫోన్ ఆ పిల్లకే చేసినాడు."

పల్లవి అనిల్ భార్య. డిపార్ట్‌మెంట్‌లోనే డీకోడింగ్ ఆఫీసర్. చూసినవాళ్లు చూపు తిప్పుకోలేని మనిషి. ఆ పెళ్లి కుదిర్చింది నాగశ్రీయే.

టీమంతా ఉస్తేరికి బయలుదేరింది. నాగశ్రీ మాత్రం టూరిస్ట్ గైడ్ వేషంలో, గొడుగు పట్టుకుని, ముందు కోసపాళయంలో పల్లవి ఇంటికి వెళ్లింది. ఆమె పక్కన కాసేపు కూర్చుందామని.

తలుపుకి తాళం. వాకిట్లో చుక్క తప్పని ముగ్గు, ఇంకా తడి ఆరలేదు.

ఎదురింటి మరగతం బుగ్గలు నొక్కుకుంటోంది. "మొగుడు మార్చురీలో ఉండంగా వాకిట్లో కోలం ఏంది తల్లీ? కర్మ కాకుండా ఏ ఆడదన్నా ఏస్తాదా?"

నాగశ్రీ వంగి ముగ్గు చూసింది. ఏడుపులో మరిచిపోయి వేసిన ముగ్గు కాదది. ఇక్కడి ఆచారం తెలియకుండా, ఎవరో నేర్పి పంపిన మనిషి వేసిన ముగ్గు. అంటే పల్లవి చెప్పిన ఉస్తేరి మాట కూడా అబద్ధమే.

"ఎటెళ్లింది పిన్నిగారూ?"

"ఆటోలో. తేంగాయ్‌తిట్టు అన్నట్టుండె."

తేంగాయ్‌తిట్టు. మడ అడవి, దాని అవతల సముద్రం. టీమేమో ఊరికి ఆ చివర ఉంది.

స్కూటీ చేపల హార్బర్ దాటి నల్లబురదలో దిగబడింది. మడచెట్ల వేళ్ల మధ్య మోటారు పడవ. పక్షుల ఫోటోగ్రాఫర్ వేషంలో ఉన్న విదేశీయుడు చెయ్యి చాపాడు. పల్లవి చిప్ అందిస్తోంది. నాగశ్రీ గొడుగు బటన్ నొక్కింది. మత్తుసూది వాడి భుజంలో దిగింది. చిప్ బురదలో పడింది.

పల్లవి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సూది. నాగశ్రీ గొడుగు కర్రతో ఆ మణికట్టు మీద ఒక్కటిచ్చి, బురదలోంచి చిప్ తీసుకుంది.

"అనిల్ నిన్ను నమ్మాడే."

"నాకూ ఆయనంటే ఇష్టమే అక్కా. ఆర్డర్ వచ్చింది."

"మరి ఈ పూట ముగ్గెందుకు వేశావు?"

పల్లవి నిజంగానే అర్థం కానట్టు చూసింది. "రోజూ వెయ్యమన్నారు. ఒక్క పూట మానినా ఇరుగుపొరుగు అనుమానపడతారన్నారు."

కొన్నాళ్లకి రఘునాథన్ ఒక పెట్టె ఇచ్చాడు. "అనిల్ మెడల్. రూల్ ప్రకారం భార్యకే ఇయ్యాల."

"ఆవిడ జైల్లో ఉంది సార్."

"విడాకులు కాలేదు గదమ్మా. రసీదు మీద సంతకం తీసుకో."

నాగశ్రీ జైలుకెళ్లింది. పల్లవి మెడల్‌ని చాలాసేపు చూసి, మొదటిసారిగా తన అసలు పేరుతో సంతకం పెట్టింది.

భార్య పేరు సరిపోలేదని ఆఫీసువాళ్లు రసీదు తిప్పి పంపారు.