కుళ్లాయప్ప సొరబుర్ర

మా అనంతపురం వైపు ఈతకు పోవాలంటే ముందు నీళ్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఈ ఏడు వానలు బాగా పడి, సోమందేపల్లె అవతల కొండల్లో దొనలు నిండాయని విన్నాను. దొనలంటే అడవిలో బండల నడుమ వాననీళ్లు నిలిచే గుంతలు. మగ్గానికి ఒకరోజు సెలవిచ్చి, నా భార్య చంద్రికను, ఎనిమిదేళ్ల కూతురు చౌడేశ్వరిని బండెక్కించుకున్నాను.

పాపకు ఈత నేర్పాలని నా ఆశ. మా వైపు పిల్లల వీపుకు ఎండు సొరబుర్ర కట్టి నీళ్లలో దింపుతారు. అది ఉంటే మునగరు. మా ఇంట్లో ఒకటి ముప్పై ఏళ్లుగా చిలక్కొయ్యకు వేలాడుతోంది. అది మా తమ్ముడు కుళ్లాయప్పది. వాడు ఆ కొండల్లోని పెద్ద దొనలోనే మునిగిపోయాడు.

అట్లా పోయినవాళ్ల సొరబుర్రను పూడ్చేచోట పగలగొట్టడం మా ఆచారం. కానీ వాడి శవం దొరకలేదు. మరుసటి ఎండాకాలం దొన అడుగంటితే పోయి చూశాం. మట్టి తప్ప ఏమీ లేదు. మనిషి దొరికినాకే పగలగొడదామని మా అమ్మ ఓబులమ్మ దాన్ని అట్లాగే ఉంచింది. నీళ్లకు మాత్రం చూపించొద్దనేది. నాకదంతా చాదస్తం. అమ్మ స్నానానికి పోయినప్పుడు బుర్రను సంచిలో వేసుకున్నాను.

ఇంకొకటుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఇద్దరికీ ఒక్కటే బుర్ర, వంతులేసుకున్నాం. నా వంతొచ్చింది, ఇయ్యరా అని గట్టు మీద నుంచి నేనే అరిచాను. వాడు నడినీళ్లలోనే ముడి విప్పి బుర్రను నా వైపు తోశాడు. వాడి కాలు జారిందని అమ్మకు చెప్పాను.

మేం ఆ దొనకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చుట్టూ సీతాఫలం చెట్లు, కాలిన బండల వాసన, దాని కింద పాత నాచు వాసన. కీచురాళ్లు చెవులు చిల్లులు పడేటట్టు అరుస్తున్నాయి. చంద్రిక నీడలో చిత్రాన్నం గిన్నె తెరిచింది. నేను పాప ఛాతీ చుట్టూ తాడు బిగించి, రెండు ముళ్లేసి, నీళ్లలో వదిలాను. నడుములోతులో నేనూ నిలబడ్డాను. పాప కిలకిలా నవ్వుతూ నడిమికి పోయింది.

అక్కడ ఆగిపోయింది.

కీచురాళ్లు కూడా ఆగాయి...

"నాయనా, ఎవరో తాడు ఇప్పుతాండారు."

ఎవరూ లేరు, కాళ్లాడించమన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఉండారు నాయనా..." పాప గుసగుసలాడింది. "నీ వంతొచ్చిందంట."

బుర్ర ఊడింది. గాలి లేదు, అల లేదు. ఎవరో తోసినట్టు నేరుగా నా వైపు వచ్చింది. పాప తల నీళ్లలోకి పోయింది.

ఎట్లా దూకానో తెలియదు. జుట్టు చేతికందింది. లాగాను. కింద నుంచి కూడా ఎవరో లాగుతున్నారు... ఒక్కసారిగా వదిలేశారు.

గట్టున పాప దగ్గి నీళ్లు కక్కింది. చంద్రిక దాన్ని ఒళ్లో వేసుకొని ఏడ్చింది. నేను వెనక్కి చూశాను. సొరబుర్ర మెల్లగా మునుగుతోంది. ఒక్క బుడగ కూడా రాలేదు. దాన్ని అక్కడే వదిలేసి బండి తీశాం.

ఇంటికొచ్చేసరికి ఇంకా పొద్దుంది. అమ్మ పడసాలలో గోడకానుకొని కూర్చొని ఉంది. మేం తడిసి వచ్చినా ఏమైందని అడగలేదు. నా మొహమే చూస్తోంది.

"తమ్ముడొచ్చి పోయినాడు జయచంద్రా," అంది మెల్లగా. "ముడి నువ్వే ఇప్పిచ్చినావంట కదా."

ముప్పై ఏళ్ల అబద్ధం. అమ్మ కళ్లలో ఒక్క చుక్క నీరు లేదు.

చిలక్కొయ్యకు సొరబుర్ర వేలాడుతోంది. దాని నుంచి నీళ్లు కారుతున్నాయి.

మధ్యాహ్నం నేను పాప ఒంటికి సరిపడా కట్టిన తాడే అది. ఇప్పుడు దానికి ఇంకో ముక్క ముడేసి, ఉచ్చు పెద్దది చేసి ఉంది. పెద్దమనిషి ఛాతీకి పట్టేంత. నేను కొలిచి చూసుకోలేదు.