ఐదో ఆదివారం పిల్లలది

"ఆ డర్హమ్ ఆవిడ నిజంగా వస్తోందా?" పొయ్యి మీద గ్రిట్స్ అనే మొక్కజొన్న జావ కలుపుతూ మళ్ళీ అడిగింది వెర్డెల్.

"వస్తోంది అమ్మమ్మా. రాకూడదని ప్రార్థన గానీ చేస్తున్నావా?" అంది కెజీయా, తెల్ల గౌను ఇస్త్రీ చేసుకుంటూ.

"దీని నోరు చూడు! ముందు ఆ గౌను మాడకుండా చూసుకో."

నెలలో ఐదో ఆదివారం వస్తే వాళ్ళ చర్చిలో అది పిల్లల రోజు. పాటలు, వాక్యం చదవడం, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, అన్నీ పిల్లలే చూసుకోవాలి. పెద్దలు అతిథుల్లా కూర్చోవాలి. ఈసారి ఆ భారమంతా పదిహేడేళ్ళ కెజీయాది. నల్లజాతి యువతను నాయకులుగా తీర్చిదిద్దే శిక్షణ ఒకటి డర్హమ్ నగరంలో ఉంది, ఏడాదిపాటు అక్కడే ఉండాలి. ఎంపిక చేసేముందు, సొంతవాళ్ళ మధ్య ఈ పిల్ల ఎలా నడిపిస్తుందో చూడటానికి గెయిన్స్ అనే ఆవిడ స్వయంగా వస్తోంది.

ఏడాది! ఆ మాట తలుచుకుంటేనే వెర్డెల్‌కు ముద్ద దిగడం లేదు. న్యూవర్క్ నగరానికి వెళ్ళిన తన తమ్ముడు శవపేటికలో తిరిగొచ్చాడు. కెజీయా తల్లి పట్నం ఆసుపత్రికి తన కాళ్ళ మీదే నడిచి వెళ్ళింది, మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. మిగిలింది ఈ పిల్ల ఒక్కతే.

చర్చిలో ద్వారసేవకు ఏళ్ళ తరబడి వెర్డెలే పెద్ద. ఆ సేవలో నోరు విప్పకూడదు. తెల్ల తొడుగులు వేసుకున్న చేతులతో సైగలు చేస్తూనే జనాన్ని ఆపాలి, పంపాలి, కూర్చోబెట్టాలి. మనవరాలికి ఆ సైగలు నేర్పింది ఆమే.

ఆరోజు ఆరాధనకు ముందు ప్రార్థన జరుగుతుండగా జనం వస్తున్నారు. మూడో వరుసలో కూర్చున్న వెర్డెల్ చెయ్యి లేచింది. తలుపు దగ్గర సేవ చేస్తున్న కుర్రాళ్ళు వెంటనే ఆమె వైపు తిరిగారు. మళ్ళీ లేచింది, మళ్ళీ తిరిగారు. వెనక కూర్చున్న గెయిన్స్ ఇదంతా చూస్తోంది.

ప్రార్థన ముగియగానే కెజీయా అమ్మమ్మను చర్చి వంటగదిలోకి లాక్కెళ్ళింది.

"వాళ్ళు ఒక్కసారైనా నావైపు చూశారా? అందరి కళ్ళూ నీ చేతుల మీదే!"

"నాకు తెలియకుండానే లేచాయే."

"తెలియకుండానా? నాకు చేతకాదని ఆవిడ అనుకుంటే నేనిక్కడే పడి ఉంటాను. అదేగా నీక్కావాల్సింది?"

వెర్డెల్ తన చేతులకేసి చూసుకుంది. కెజీయా కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆరాధన మొదలయ్యాక, నది అవతలి చర్చి నుంచి బస్సు నిండా ముసలివాళ్ళు దిగారు. బల్లలన్నీ అప్పటికే నిండిపోయాయి. తలుపు దగ్గరున్న డారియస్ బెదిరిపోయి వెర్డెల్ వైపు చూశాడు.

ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని తల వంచేసింది.

"ఏంటే, చలేస్తోందా?" అంది పక్కనున్న లుసిల్.

"నోర్ముయ్యి, లుసిల్."

డారియస్ దిక్కుతోచక కెజీయా వైపు తిరిగాడు. ఆ పిల్ల తొందరపడలేదు. చెయ్యెత్తి గాలిలో ఒక సైగ చేసింది. వెర్డెల్ అలాంటి సైగ ఎప్పుడూ చూడలేదు, నేర్పలేదు. వేదిక మీద పాడే పిల్లలంతా లేచి మెట్లు దిగి, గోడల వెంబడి వరుసగా నిలబడ్డారు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి పిల్లలు ఖాళీ చేసిన చోట్లలో కూర్చున్నారు. అప్పుడు పాట మొదలైంది. నాలుగు గోడల నుంచీ వచ్చి జనాన్ని చుట్టేసింది. వెర్డెల్ చేతులు బయటికి తీసి మొహం కప్పుకుంది.

మధ్యాహ్నం చర్చి భోజనాల దగ్గర అమ్మమ్మా మనవరాలూ వేయించిన చేపలు తింటుంటే గెయిన్స్ వచ్చి పక్కన కూర్చుంది.

"ఈ అమ్మాయిని మాతో పంపిస్తారా, అమ్మా?"

వెర్డెల్ కంచం పక్కకు జరిపింది. "నన్నడుగుతారేంటి? నడిపించింది అది. దాన్నే అడగండి."

కెజీయా అమ్మమ్మ వైపు తిరిగింది. "నువ్వు ఏడుస్తావు, అమ్మమ్మా."

"ఏడుస్తాను. నువ్వెళ్ళేదాకా ఏడుస్తాను, వచ్చేదాకా ఏడుస్తాను. అది నా పని. నీ పని నువ్వు చూసుకో." చిలగడదుంపతో చేసిన మిఠాయి ముక్క మనవరాలి ముందుకు తోసింది. "తిను. డర్హమ్‌లో ఇలాంటిది దొరకదు."

"దొరుకుతుందండీ," అంది గెయిన్స్.

"మీరు ఊరుకోండి," అంది వెర్డెల్, కళ్ళు ఒత్తుకుంటూ.