ఇసుకతిన్నెకి అవతలి వైపు

నేను జాకెట్లు కుడతాను. చేతిలో కత్తెర ఉన్నప్పుడు నన్ను కదిలించకూడదని మా వీధిలో అందరికీ తెలుసు. ఆ రోజు ఆ సంగతి తెలియని వాళ్ళెవరో ఫోన్ చేశారు. దీవిలో రిసార్టు నుంచి మాట్లాడుతున్నామని ఒక మగ గొంతు చాలా మర్యాదగా చెప్పింది. మీ తమ్ముడు చెప్పాపెట్టకుండా పని మానేసి ఎవరి పడవలోనో వెళ్ళిపోయాడు, వచ్చి అతని పెట్టె తీసుకెళ్ళండి అంది. మాట పూర్తయ్యేసరికి నేను కత్తిరిస్తున్న జాకెట్టు చెయ్యి అడ్డంగా తెగిపోయి ఉంది.

మా చిన్నోడు చెప్పకుండా వెళ్ళిపోయే రకం కాదు. జుట్టు కత్తిరించుకోవాలన్నా ఫోన్ చేసి, పొట్టిగానా మామూలుగానా అని నన్ను అడిగే మనిషి. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. వాడు ఇంట్లో ఉంటే నిశ్శబ్దమన్నది ఉండేది కాదు. గిన్నె తీస్తే కింద పడేసేవాడు, తలుపు వేస్తే ఇల్లదిరేది. నెమ్మదిగా ఉండరా అని రోజూ తిట్టేదాన్ని. అలాంటివాడు చడీచప్పుడు లేకుండా పోయాడంటే నేను నమ్మాలట. ఎవరి చెవిలో పువ్వు పెడతారు వీళ్ళు?

సరుకుల పడవెక్కి వెళ్ళాను. దీవి అందంగానే ఉంది. నీళ్ళు అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి, ఇసుక ఉతికిన దుప్పటిలా ఉంది. ఒళ్ళు మండిపోతున్నవాళ్ళకి ఎదురుగా అంత అందం ఉంటే ఇంకా మండుతుంది. అతిథులు తిరిగే దారి వదిలేసి నన్ను వెనకదారిన తీసుకెళ్ళారు. అక్కడ బట్టలుతికే గది, ఇస్త్రీ గది, వాటి వెనక రేకుల షెడ్డు. అందులో వాడి మంచం, మంచం కింద పెట్టె. పెట్టెలో వాడి బట్టలన్నీ ఉన్నాయి. చెప్పులు కూడా ఉన్నాయి. చెప్పులు లేకుండా ఎవడు వెళ్ళిపోతాడు అని అడిగితే పక్క మంచాల వాళ్ళు తలలు దించుకున్నారు.

కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి మాత్రం వచ్చి నీళ్ళిచ్చింది. మా వాణ్ణి ఇక్కడ అందరూ పిల్లి అంటారట. పక్కన వచ్చి నిలబడ్డా తెలియదట. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. మా చిన్నోడిని పిల్లిని చెయ్యాలంటే వాణ్ణి ఎంత అణిచి ఉండాలి!

అసలు సంగతి చెప్పింది సరంగు. పడవ నడిపే పెద్దాయన. రేవు దగ్గర ఇంజనుకి నూనె పోస్తూ, నా మొహం చూడకుండా చెప్పాడు.

దీవికి దూరంగా సముద్రం మధ్యలో, నీళ్ళు తగ్గినప్పుడు ఒక ఇసుకతిన్నె బయటపడుతుంది. మళ్ళీ పోటొస్తే మునిగిపోతుంది. జంటల్ని తీసుకెళ్ళి అక్కడ దించుతారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, రెండు కుర్చీలు, ఒక చిన్న గంట. దించాక పడవ దీవి చాటుకి పోవాలి. లోకంలో తామిద్దరమే ఉన్నామని వాళ్ళు అనుకోవాలి. మరి వడ్డించేదెవరు? మా చిన్నోడు. వాణ్ణి ముందే తీసుకెళ్ళి, తిన్నె మధ్యలో ఉన్న మిట్టకి అవతలి వైపు, తిండి పెట్టెలతో బోర్లా పడుకోబెడతారు. గంట మోగితే వంగి వంగి వచ్చి, తల ఎత్తకుండా పళ్ళెం పెట్టి, వీపు చూపించకుండా వెనక్కి నడిచి పోవాలి. గంట మోగకపోతే తల కూడా ఎత్తకూడదు. గొడుగు వేస్తే కనబడుతుందని, ఆ ఎండలో గొడుగు కూడా ఇవ్వలేదు.

వాడు కనబడకుండా పోయిన రోజు ఒక అతిథికి గవ్వ గీసుకుని కాలు తెగింది. పెడబొబ్బలు పెడితే సరంగు పరుగున పడవ తెచ్చి ఇద్దర్నీ రేవుకి చేర్చాడు. మా వాడి కోసం వెనక్కి తిప్పబోతుంటే మేనేజరు ఆపాడు. కొత్త అతిథులు వస్తున్నారు, పడవలన్నీ వరసగా ఇక్కడే ఉండాలన్నాడు. వాడు ఇందాకే వేరే పడవలో వచ్చేశాడు, వంటింటి దగ్గర చూశాను అన్నాడు.

"మీరు నమ్మేశారా బాబాయ్?" అన్నాను.

"వాడు కనబడకపోతే మాకెవరికీ అనుమానం రాలేదమ్మా. కనబడకపోవడమేగా వాడి పని."

వాడు లేచి చెయ్యి ఊపలేదెందుకని అడుగుదామనుకున్నాను. అడగకముందే అర్థమైంది. అరుపులూ పడవ చప్పుడూ విన్నా, అతిథులు ఇంకా అక్కడే ఉన్నారేమో అనుకున్నాడు. గంట కోసం ఎదురు చూశాడు. నీళ్ళు మోచేతుల దాకా వచ్చినా, గడ్డం దాకా వచ్చినా, గంట మోగలేదు కదా అని తల ఎత్తలేదు.

సరంగు గొంతు తగ్గించాడు. "ఇప్పుడక్కడ ఎవర్నీ పడుకోబెట్టడం లేదమ్మా. తిండి బల్ల మీదే పెట్టేసి వస్తున్నాం. కానీ వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చి, ఆ వడ్డించే కుర్రాడు ఎంత మర్యాదస్తుడో అని పొగుడుతున్నారు."

తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాను. చల్లటి గది, అత్తరు వాసన, కత్తిరించిన సన్నటి మీసం. రండమ్మా కూర్చోండమ్మా అన్నాడు. ఈ కాలం కుర్రాళ్ళు ఇంతేనన్నాడు. తమ్ముడని మీరు గారాబం చేసి ఉంటారన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పుడే భోజనాల హాల్లోకి వెళ్ళి, మీ అతిథులందరి మధ్యా నిలబడి నోరు విప్పుతానన్నాను. దర్జీదాని నోరు ఎంత పెద్దదో ఆయనకి తెలియదు కానీ, ఊహించుకున్నాడు. వద్దమ్మా, స్వయంగా తీసుకెళ్ళి చూపిస్తాను, అక్కడేమీ లేదు, చూసి మనసు కుదుటపరుచుకుని బయల్దేరండి అన్నాడు.

మేము తిన్నె చేరేసరికి పొద్దు గూకుతోంది. మధ్యాహ్నం అతిథులు వాడిన బల్ల, కుర్చీలు అలాగే ఉన్నాయి. సరంగు పడవ దిగనన్నాడు. ఇంజను ఆగింది. ఆ తరవాత రెండు వైపుల నుంచీ నీళ్ళు ఇసుకని నాకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బల్లగుడ్డకి గంజి వాసన. దాని కింద ఇంకో వాసన కూడా ఉంది. చాలాసేపు నీళ్ళలో నానిన బట్టల వాసన.

మేనేజరు నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. చూశారా, ఎవరూ లేరు అన్నాడు. మిట్టకి అవతల ఏముందో ఇక్కణ్ణుంచి కనబడటం లేదు. చీకటి అటు వైపు నుంచే వస్తోంది.

నేను గంట తీసి కొట్టాను.

ఏమీ కాలేదు. మేనేజరు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంకా గట్టిగా కొట్టాను.

చప్... చప్...

తడి ఇసుక మీద పాదాలు. మిట్టకి అవతలి నుంచి. మేనేజరు మొహంలో నవ్వు అలాగే ఉంది, రంగు మాత్రం పోయింది. నా వెనక చూస్తున్నాడు. నా వీపు మీదికి చల్లదనం వచ్చింది. ఊపిరి వినబడలేదు. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు...

నా ఎడమ భుజం పక్క నుంచి ఒక చెయ్యి వచ్చింది. తెల్ల చొక్కా. మణికట్టు దగ్గర కుట్టు నాది. వాడి చేతులు పొడుగని నేనే విప్పి మళ్ళీ కుట్టి ఇచ్చాను. దాని కింద చర్మం తెల్లబడి, ఉబ్బి, ముడతలు పడి ఉంది. గోళ్ళ నిండా ఇసుక. ఆ చెయ్యి నా ముందు ఖాళీ పళ్ళెం పెట్టింది.

చప్పుడు కాలేదు. కొంచెం కూడా కాలేదు.

మా ఇంట్లో ఒక్క గ్లాసు కూడా చప్పుడు లేకుండా కింద పెట్టనివాడు. నాకు అప్పుడు భయం వెయ్యలేదు. కడుపు రగిలిపోయింది.

"చిన్నోడా..." అన్నాను.

చెయ్యి ఆగింది. తరవాత వెనక్కి పోయింది. పాదాల చప్పుడు వెనక్కి, వెనక్కి... వీపు చూపించకుండా. చచ్చి కూడా వీడు ఎవరికి మర్యాద చేస్తున్నాడు?

మేనేజరు చొక్కా పట్టుకున్నాను. "చెప్పు. వాడికి వినబడేలా చెప్పు."

"మర్చిపోయాం..."

"ఎవర్ని? వాడి పేరేంటి?"

ఆయన పెదాలు ఆడాయి. చాలాసేపు వెతుక్కున్నాడు.

"నాకు... తెలీదు."

పేరు తెలియదట. ఎండలో పడుకోబెట్టడం తెలుసు, తల ఎత్తొద్దని చెప్పడం తెలుసు. నేను మిట్ట వైపు తిరిగి, గొంతు చించుకుని అరిచాను.

"ఇంక వడ్డించింది చాలురా. నువ్వు లేచి రా. నీ బదులు ఈయన పడుకుంటాడు."

అవతల చప్పుడు ఆగిపోయింది. నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది.

అప్పుడు నా పాదాలకి తడి తగిలింది. పోటు వచ్చేసింది. సరంగు పడవలోంచి కేక పెట్టాడు. మేనేజరు కుర్చీ తన్నేసి లేచాడు. పడవ ఇటు ఉంటే అటు పరిగెత్తాడు, మిట్ట మీదికి. ఎవరో పిలిచినట్టు. మిట్ట దిగాడు. కనబడలేదు. నేను పడవ దగ్గరికి చేరి, అంచు పట్టుకుని చూస్తున్నాను. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి... ఎవరూ రాలేదు... తరవాత మిట్ట మీద ఒక ఆకారం లేచింది. నెమ్మదిగా నడిచొచ్చి పడవెక్కింది. నిలువునా తడిసిపోయి ఉంది. సన్నటి మీసం, అదే మొహం. మేనేజరే. వెనక చెక్క మీద తల వంచుకుని కూర్చున్నాడు. సరంగు వెనక్కి చూడకుండా చీకట్లో పడవ నడిపాడు.

రేవులో కౌంటరు అమ్మాయి దీపం పట్టుకుని నిలబడి ఉంది. దీపం ఎత్తి చూసింది.

"పిల్లీ... ఎక్కడికి పోయావ్ ఇన్నాళ్ళూ?"

ఆ అమ్మాయి మేనేజరునే చూస్తోంది. నేను వెనక్కి చూశాను, ఇంకెవరన్నా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. సరంగు పడవలోంచి దూకి, ఆ మేనేజరుని కౌగిలించుకుని, బతికున్నావురా నాయనా అని ఏడుస్తున్నాడు. షెడ్డులో వాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. ఎవరో సారేరీ అని అడిగారు.

"సారా? సారు మాతో రాలేదే," అన్నాడు సరంగు.

ఆ మీసం మొహం నా వైపు తిరిగింది. పెదాలు కదిలాయి. వచ్చిన గొంతు మా చిన్నోడిది.

"అక్కా, ఆకలేస్తోంది."

అందరూ నన్నే చూస్తున్నారు. మీ తమ్ముడేగా అక్కా అని ఆ అమ్మాయి అడిగింది. కాదంటే ఆ గొంతు ఏమైపోతుంది? అవునంటే నా పక్కన నడిచేది ఎవరు? పళ్ళు బిగించి, మావాడే అన్నాను. చెయ్యి పట్టుకుని తెల్లారే సరుకుల పడవ ఎక్కించాను.

ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. తమ్ముడు చిక్కిపోయాడే, బాగా తిండి పెట్టు అని వీధిలో వాళ్ళు నాకు చెప్పి పోతున్నారు. వాళ్ళందరికీ చిన్నోడే. నాకు మాత్రం అదే మీసం, అదే మొహం. అన్నం పెట్టబోతే ఒళ్ళంతా కోపం. తోసేద్దామనుకుంటే అక్కా అంటాడు, చెయ్యి ఆడదు. కొన్ని పూటలు పెట్టాను. కొన్ని పూటలు పెట్టలేదు. నిన్న పెట్టలేదు.

నిన్న మధ్యాహ్నం మిషను ఆపి దారం మారుస్తుంటే లోపలి గదిలోంచి గుసగుసలు వినబడ్డాయి. రెండు గొంతులు. ఒకటి బతిమాలుతోంది.

"ఒక్కసారి లేస్తాను సార్... అక్కని చూస్తాను... నన్ను గుర్తు పట్టడం లేదు..."

రెండో గొంతు చాలా మర్యాదగా ఉంది.

"ఇంకాసేపు పడుకో. ఇంకా ఎవరూ పిలవలేదు."

నేను పిలుస్తున్నానురా అని అరుస్తూ తలుపు మీద పడ్డాను. గుద్దాను, భుజంతో తోశాను. తలుపు తెరుచుకోలేదు. లోపల గడియ పెట్టి ఉంది.

ఆ తలుపుకి లోపల గడియ ఎప్పుడూ లేదు.