గాలి తగలని సీసా

డాక్టరమ్మను పొద్దున్నే లిఫ్టులో చంపేశారు. చేతిలో సంచి, మెడలో గొలుసు, వేలికి ఉంగరం అన్నీ భద్రంగా ఉన్నాయి. లేనిది ప్రాణమొక్కటే.

"దొంగల పని కాదన్నమాట," అన్నాడు ఏజెంట్ పిల్లి. అడుగు చప్పుడు వినిపించదని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

"కాదు," అన్నాడు చీఫ్. "మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి సాల్వెంట్ అనే విష రసాయనం భూమిలోకి దిగింది. చుట్టుపక్కల బోర్లన్నీ విషం. ఆ విషాన్ని తినే బాక్టీరియాని ఆవిడ పెంచింది. గాలి లేని చోటే బతుకుతాయి, ఆక్సిజన్ తగిలితే చస్తాయి. నీళ్లు శుద్ధి చేసే మెషిన్లు అమ్ముకునే విదేశీ ముఠాకి ఇవి కంట్లో నలుసు. మిగిలింది ఒక్క సీసా. ఇవాళే భూమిలోకి పంపాలి."

ఆ బోర్లలో ఒకటి పిల్లి చెల్లెలి ఇంట్లోదే. మేనకోడలు ఆస్పత్రిలో ఉంది.

"గ్యాస్ సిలిండర్లు చేరవేసేవాడిలా ఆవిడ ల్యాబ్‌కి వెళ్లు. గేటు దగ్గర సిల్క్ కలుస్తుంది."

"ఆమె మన మనిషేనా సార్?"

"పొద్దున మన మనిషే. సాయంత్రం సంగతి నేను చెప్పలేను."

గేటు దగ్గర నల్ల కళ్లద్దాలు, ఎర్రని పెదవులు, పక్కన నైట్రోజన్ సిలిండర్ ఉన్న ట్రాలీ.

"కుండ నిండిందా?" అడిగాడు పిల్లి.

"నిండింది. మూతే దొరకలేదు," నవ్వింది సిల్క్. కోడ్ సరిపోయింది. పిల్లి ట్రాలీ తోసుకుంటూ లోపలికి నడిచాడు.

ల్యాబ్‌లో డాక్టరమ్మ తమ్ముడొక్కడే ఉన్నాడు. కళ్లు వాచిపోయాయి. సిలిండర్‌కి గొట్టం బిగించాడు. ఆక్సిజన్ లేని ఆ గ్యాస్ ఒత్తిడితో సీసాలోని నల్లటి ద్రవాన్ని ట్యాంకులోకి, అక్కణ్నుంచి భూమిలోకి తోయాలి.

"కానివ్వు తమ్ముడూ. ముఠావాళ్లు దారిలో ఉన్నారు," తొందరపెట్టింది సిల్క్.

బల్ల చివర మరో చిన్న సీసా ఉంది. లోపల తేటనీళ్లు.

"అదేంటి?" అన్నాడు పిల్లి.

"మా అక్క చాదస్తం అన్నా. ఆక్సిజన్ తగిలితే గులాబీ రంగుకి తిరుగుతుంది. కొత్త సిలిండర్ ఏదొచ్చినా ముందు దానికి పట్టేది. అమ్మ పంపినా సరే నమ్మకు అనేది."

"మరి ఇవాళ పట్టవా?"

"టైం లేదని చెప్తున్నాగా!" కసిరింది సిల్క్.

"మీ అక్కే ఉంటే ఏం చేసేది?" తమ్ముణ్ని అడిగాడు పిల్లి.

వాల్వు మీద తమ్ముడి చెయ్యి ఆగింది. గొట్టం చిన్న సీసా వైపు తిరిగింది. బుడగలు లేచాయి. దూదికి నెత్తురంటినట్టు నీళ్లలో గులాబీ రంగు పాకింది.

అది నైట్రోజన్ కాదు, ఆక్సిజన్. చావుని ట్రాలీలో తోసుకొచ్చింది తనే.

సిల్క్ చేతిలో లిప్‌స్టిక్ మూత ఊడింది. లోపలి సన్నని తుపాకీ గొట్టం గురి పెట్టింది అతనికి కాదు, నల్ల సీసాకి. పిల్లి వాల్వు పూర్తిగా తిప్పేశాడు. సిలిండర్ గొట్టం పాములా పైకి లేచి ఆమె మణికట్టుని కొట్టింది. తూటా సీసా అంచుని రాసుకుంటూ గోడలో దిగింది. మరుక్షణం ఆమె చేతికి బేడీలు.

"లిఫ్టులోనూ నువ్వేనా?"

సిల్క్ నవ్వింది.

తమ్ముడు స్టోర్‌లోంచి పాత నైట్రోజన్ సిలిండర్ లాక్కొచ్చాడు. మరో తేట సీసాకి పట్టాడు. రంగు మారలేదు. నల్లటి ద్రవం నెమ్మదిగా ట్యాంకులోకి దిగింది.

"నీళ్లు ఎప్పటికి బాగవుతాయి?" అడిగాడు పిల్లి.

"నెలలు పడుతుందన్నా. వీటికి తొందరుండదు. మొదలుపెడితే ఆగడమూ ఉండదు."

ఫోన్ మోగింది. చీఫ్.

"అంతా క్షేమమేనా?"

"క్షేమమే సార్. ఇవి విషం తింటాయి. సిల్క్ జైలు కూడు తింటుంది."