బొగ్గుమనిషి గొంతు

ఆ థియేటర్లో ఆపరేటర్ గొంతు విని ఇంతవరకు ఎవరూ ప్రేమలో పడలేదు. పడ్డవాళ్లు ఉంటే గింటే మెట్ల మీద పడ్డారు.

తుప్పు పట్టిన షట్టరును ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని ఎత్తితే ఏ చప్పుడు వస్తుందో, అతని గొంతు అలా ఉంటుంది. బళ్లో హాజరు పిలిచినప్పుడు "ఉన్నానండీ" అన్నందుకు, ఎదురు తిరుగుతున్నాడని మాస్టారు మూడేళ్లు వరుసగా బెంచీ ఎక్కించారు. ఉద్యోగంలో చేరిన రోజు ఇంటర్‌కంలో గుడ్ మార్నింగ్ చెబితే మేనేజరు హడలిపోయి రెండు రోజులు సెలవు పెట్టాడని చెప్పుకుంటారు. అది అబద్ధమై ఉండొచ్చు. ఒక్కరోజే పెట్టి ఉంటాడు.

దాంతో అతను మాటలు తగ్గించుకున్నాడు. రోజుకు పదీ పన్నెండు మాటలతో గడుపుకొస్తున్నాడు. అలాంటి రోజుల్లో కిందనున్న క్యాంటీన్ చేతులు మారింది. కొత్తగా తీసుకున్న పెద్దాయనకు సాయంగా ఆయన అన్న కూతురు కౌంటర్లో కూర్చుంది.

మొదటిరోజు ఆపరేటర్ ఇంటర్‌కం ఎత్తాడు.

"టీ."

"ఏంటండీ?"

"ఒక టీ. పైకి."

"అడిగే పద్ధతి అదేనా? మా బాబాయ్ మీ ఆస్తి ఏమన్నా కాజేశాడా?"

"లేదండీ."

"మరి అలా అరుస్తారేం?"

"అరవట్లేదండీ."

"అదిగో, మళ్లీ!"

ఫోన్ పెట్టేసింది. టీ అయితే వచ్చింది గానీ పంచదార కిందే ఉండిపోయింది.

మర్నాడు అతను తనే దిగి వెళ్లాడు. మొహం చూస్తే అపార్థం పోతుందని ఆశ. మెట్ల మీదే ఒక చిరునవ్వు సిద్ధం చేసుకుని, జారిపోకుండా కౌంటరు దాకా మోసుకొచ్చాడు.

ఆ అమ్మాయి దాన్ని కాసేపు పరీక్షగా చూసింది. "పన్ను నొప్పా?" అంది.

అయినా అతను రోజూ దిగడం మానలేదు. ఆ కౌంటర్లో ఎడమచేత్తో గ్లాసులు సర్దుతూ, కుడిచేత్తో చిల్లర ఇస్తూ, నోటితో ముగ్గురితో పోట్లాడే అమ్మాయిని చూశాక, పైన తిరిగే మిషను అతనికి మునుపటంత అందంగా కనిపించడం లేదు.

అప్పుడే బొగ్గుమనిషి వచ్చాడు.

సినిమాకు పోస్టర్ మీద వేరే పెద్ద పేరు ఉండేది గానీ జనం మాత్రం బొగ్గుమనిషి అనే పిలిచారు. నల్ల బట్టలు, నల్ల ముసుగు, ముసుగులో నోరు కూడా కనపడదు. మూడు భాగాల కథ. మూడోది శుక్రవారం విడుదలని, దానికి ముందు మొదటి భాగం ఒక వారం, రెండో భాగం ఒక వారం మళ్లీ వేశారు. రోజుకు నాలుగు ఆటలు.

ఇక్కడో చిక్కు ఉంది. క్యాంటీన్ తెర వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. గోడలోంచి మాటలన్నీ వినపడతాయి, బొమ్మ కనపడదు. పైన ప్రొజెక్టర్ గదిలో అద్దంలోంచి బొమ్మంతా కనపడుతుంది. ఆ గది స్పీకరు కాలిపోయి నాలుగేళ్లయింది. మిషను ఫ్యాన్ల హోరు తప్ప ముక్క వినపడదు. రెండు వారాల్లో అవే యాభై ఆరు ఆటల్ని ఆ పిల్ల చెవులతోనూ, ఇతను కళ్లతోనూ చూశారు. మిగతా సగం ఎవరిది వాళ్లే కల్పించుకున్నారు.

"ఈ సినిమాలు ఎందుకంత గొప్పవో చెప్పండి చూద్దాం," అంది ఒక ఇంటర్వెల్‌లో, టీ ఇస్తూ.

"హీరో మాట్లాడడండీ. అందుకు."

"మాట్లాడకపోవడమేంటి? మాటలతోనే కదా చంపేస్తాడు! 'ఈ ఊరు అలిసిపోయింది, దీన్ని నేను నిద్రపుచ్చుతాను' అంటాడు చూడండి. అమ్మ జోకొట్టినట్టుంటుంది."

ఆ మాట ఎక్కడ వచ్చిందో ఆపరేటర్‌కు తట్టలేదు. అతను చూసిన మొదటి భాగంలో బొగ్గుమనిషి మూడంతస్తుల మంటలోంచి ఒక ముసలావిడను వీపున మోసుకొస్తాడు. ఆవిడ ఒప్పుకోకపోతే మళ్లీ వెళ్లి ఆవిడ కుట్టుమిషను కూడా మోసుకొస్తాడు.

"ఇక ఆ విలన్ గొంతుందే, ఛీ!" అంది అమ్మాయి. "రెండో భాగం చివర్లో జనం తలుపులు బాదుతూ ఏడుస్తుంటే, 'తియ్యను, చచ్చినా తియ్యను' అంటాడు, బండరాయి ఈడ్చినట్టు. ఆ గొంతున్నవాడు మనిషే కాదండీ."

తలుపుకు అడ్డం నిలబడింది ఎవరో ఆపరేటర్‌కు తెలుసు. చెబితే అక్కడికక్కడ తేలిపోయేది. కానీ 'ఆ గొంతున్నవాడు మనిషే కాదు' అన్నదొక్కటే అతని చెవిలో పడింది. మిగతా కథంతా బయటే ఆగిపోయింది.

"గొంతు బాగోకపోతే..." అన్నాడు మెల్లగా.

"గొంతులో ఉన్నదే మనసులోనూ ఉంటుంది. గోడ వెనక కూర్చుని నేను మనుషుల్ని అలాగే అంచనా కడతాను."

"నన్ను కూడానా?"

"మీకు నేనంటే మొదట్నుంచీ కోపం. ఎందుకో నాకు తెలీదు. అడగను కూడా అడగను."

గంట మోగింది. 'కోపం కాదండీ' అన్న మాటను అతను గొంతులో పెట్టుకుని మెట్లన్నీ ఎక్కి, పైకి వెళ్లి మిషనుకు చెప్పాడు.

బుధవారం నాడు బాబాయ్ కొత్త కబురు చెప్పాడు, ఆపరేటర్ టీ తాగుతుండగానే.

"అమ్మడూ, మంచి సంబంధం. అబ్బాయి రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఆ గొంతు వింటే రైలు తప్పిపోయినవాళ్లు కూడా థాంక్స్ చెప్పి వెళ్తారట."

"నువ్వు విన్నావా?"

"విన్నాను. ఫోన్లో 'ఆదివారం రావలసిన మేము వచ్చే వారం వస్తాము, దయచేసి గమనించగలరు' అన్నాడు. నాకైతే కోపం రాకపోగా ఇంకో వారం ఆగమందామనిపించింది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మళ్లీ ఫోన్ చేస్తానన్నాడు. అవునో కాదో అప్పటికి చెప్పు."

అమ్మాయి ఆలోచించింది. "గొంతు మంచిదే అయితే..." అని ఆగింది.

ఆపరేటర్ గ్లాసు ఖాళీ అయింది. అయినా ఇంకా తాగుతూనే ఉన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటర్‌కం మోగింది.

"ఈ ఆటకు బాబాయ్ కౌంటర్లో కూర్చుంటాడట. చివరి భాగం హాల్లో చూసి రమ్మన్నాడు. మీరూ రండి. హీరో మాట గొప్పదో, మౌనం గొప్పదో పక్కపక్కన కూర్చుని తేల్చుకుందాం."

"మిషనో?"

మేనేజరును అడిగితే ఆయన విసుక్కున్నాడు. "అది తనంతట తనే తిరుగుతుందయ్యా. నువ్వలా రెప్ప వేయకుండా చూస్తుంటే దానికీ ఇబ్బందే. వెళ్లు."

చివరి వరుసలో చివరి రెండు సీట్లు. సినిమా మొదలైంది. మొదటి ఇరవై నిమిషాలు తెర ఎంత చీకటిగా ఉందంటే, ముందు వరుసలో ఒకాయన కరెంటు పోయిందనుకుని ఇంటికి వెళ్లి ఫ్యూజు చూసుకుని వచ్చాడు. వచ్చేసరికి ఇంకా అదే సీను.

తర్వాత తెర మీద ఒక సొరంగం. అందులో తప్పిపోయిన చిన్నపిల్ల. దాని ముందు బొగ్గుమనిషి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పడుకో. నేనున్నాను," అన్నాడు.

తుప్పు పట్టిన షట్టరు ఎత్తినట్టు అన్నాడు.

అమ్మాయి చెయ్యి పాప్‌కార్న్ పొట్లంలో ఆగిపోయింది. ఆపరేటర్ కూడా బిగుసుకుపోయాడు. ఇన్నాళ్లూ అతను తన మనసులో బొగ్గుమనిషికి తేనె లాంటి గొంతు అతికించుకున్నాడు. హీరో కదా, తనలాంటి గొంతు ఎందుకుంటుంది?

"ఏమండీ," అమ్మాయి గుసగుసగా అడిగింది, "ఆ గొంతు ముసుగాయనదా?"

"నేనూ ఇప్పుడే వినడం."

"అయితే 'తలుపు తియ్యను' అన్నది..."

"ఆయనే. బయట నది పొంగింది. తీస్తే లోపలివాళ్లంతా పోతారు. వీపుతో ఆపాడు. రాత్రంతా."

"నిద్రపుచ్చుతానన్నది?"

"తెల్లకోటు డాక్టరై ఉంటాడు. ఊరి నీళ్లలో మందు కలుపుతాడు."

"నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను," అంది అమ్మాయి.

"గోడ అవతల కదండీ. వినపడి ఉండదు."

అతను అన్నది ఓదార్చడానికే. ఆ అమ్మాయి మాత్రం తెర వైపు చూడటం మానేసి అతని వైపు తిరిగింది. తెర వెలుగులో అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. కళ్లు తన మోకాళ్ల మీద ఉన్నాయి. చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఇన్నాళ్లూ కౌంటర్లో ఈ మొహమే ఎదురుగా ఉన్నా, ఆమె గ్లాసులు చూసుకుంటూ విన్నదే తప్ప, చూస్తూ వినలేదు.

"మీరు ఎప్పుడైనా నా మీద కోపంగా ఉన్నారా?"

"లేదండీ. ఒక్కసారీ లేదు."

"మరి రోజూ ఎందుకు దిగొస్తారు? టీ పైకి పంపుతాం కదా."

అతను తెర వైపు చూశాడు. అక్కడ ఆ గొంతుతోనే ఒకడు పిల్లను నిద్రపుచ్చాడు. ఊరిని నిలబెట్టాడు. జనం టికెట్ కొనుక్కుని మరీ వింటున్నారు. ఇప్పుడు అనకపోతే ఆరింటికి ఇంకొకడు, చాలా బాగా అంటాడు.

ధైర్యం చేశాడు. అయితే ఆ సమయంలో తెర మీద బొగ్గుమనిషీ డాక్టరూ ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు చూసుకుంటున్నారు. హాలంతా ఊపిరి బిగపట్టింది. సూది పడితే వినపడేంత నిశ్శబ్దం.

"నాకు నువ్వంటే ఇష్టం," అన్నాడు ఆపరేటర్. "ఆరింటికి ఆయనకు ఒప్పుకోవద్దు."

హాలు దద్దరిల్లింది. ఎవరో ఈల వేశారు. "ఈ మలుపు అనుకోలేదురా!" అన్నారొకరు. ముందు వరుస ఆయన కళ్లు తుడుచుకున్నాడు. బొగ్గుమనిషి డాక్టరుకు ప్రేమ చెప్పాడని ఆ వీధిలో సగం మంది ఇప్పటికీ నమ్ముతారు. ఆరింటికి ఏం జరగాల్సి ఉందో మాత్రం వాళ్లకు నాలుగో భాగం వస్తే గానీ తెలియదు.

అమ్మాయి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతూనే అతని చేతుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీసి, ఒకటి తను తీసుకుంది. సినిమా అయిపోయేదాకా మళ్లీ ఇవ్వలేదు.

లైట్లు వెలిగాక అంది: "మూడు భాగాల్లో ఎక్కడా 'నేను మంచివాణ్ని' అనలేదు చూశారా ఆయన? అదీ గొప్ప."

"డాక్టరు అన్నాడు. ఈ ఒక్క భాగంలోనే తొమ్మిది సార్లు."

"పదండి. బాబాయ్‌కి మీరే చెప్పాలి."

"ఈ గొంతుతోనా?"

"ఇంకో గొంతు పైన దాచారా?"

బాబాయ్ వాళ్లకు వీపు పెట్టి పాలు పొంగకుండా చూస్తున్నాడు. ఆపరేటర్ కౌంటరు దగ్గరికి వెళ్లి, "మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్లి చెయ్యండి," అన్నాడు.

బాబాయ్ చేతిలోని గరిటె కింద పడింది. వెనక్కి తిరక్కుండానే, "టీ బాగోకపోతే మళ్లీ పెట్టిస్తానయ్యా. దానికింత గొడవెందుకు?" అన్నాడు.

"ఇటు తిరుగు బాబాయ్," అంటూ అమ్మాయి ఆయన భుజాలు పట్టి తిప్పింది. "ఈయన మాట మొహం చూస్తూ వినాలి."

బాబాయ్ కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఏదీ, మళ్లీ అను."

అతను మళ్లీ అన్నాడు. బాబాయ్ ఆ చెవుల ఎరుపు, నుదుటి మీద చెమట, ఒకదాన్నొకటి పట్టుకున్న చేతులు, అన్నీ వరసగా చూశాడు.

"ఇతను అరవట్లేదే," అన్నాడు.

"లేదు."

"బతిమాలుకుంటున్నాడు."

"అవును బాబాయ్."

"నీకు?"

"నాకూ ఇష్టమే."

ఫోన్ మోగింది. సరిగ్గా ఆరు. బాబాయ్ ఎత్తి, క్షమించమని, అమ్మాయి మనసు వేరే చోట ఉందని చెప్పాడు. అవతలి గొంతు, "తెలియజేసినందుకు ధన్యవాదాలు," అంది. ఆ గొంతులోని తీపికి బాబాయ్ కళ్లు చెమర్చాయి. ఫోన్ పెట్టి నిట్టూర్చాడు.

"మంచివాడే పాపం," అన్నాడు. తర్వాత ఆపరేటర్ వైపు తిరిగాడు. "చూడు బాబూ. పెళ్లికి మావైపు నుంచి నలభై మంది వస్తారు. అందరూ పెద్దవాళ్లు, గుండె జబ్బులున్నవాళ్లు. ఒక్కొక్కరి ఎదురుగా నిలబడి మాట్లాడు. వెనకనుంచి ఎవర్నీ పలకరించకు."

"అలాగేనండీ."

బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. వెంటనే అతని మొహం చూశాడు. చూసి, కుర్చీ ముందుకు లాగి కూర్చోమన్నాడు.